వెంచర్‌లో రోడ్ల మెయింటెనెన్స్ ఫీజు ఎందుకు పెరుగుతోంది? కర్నూలు లేఅవుట్ల వాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

కర్నూలు చుట్టూ ఏ వైపు వెళ్లినా, నంద్యాల రోడ్డు కానీ, గూడూరు రోడ్డు కానీ, నందికొట్కూరు రోడ్డు కానీ, అన్నీ ప్రైవేటు వెంచర్లే. పది పదిహేనేళ్ల కిందట వేసిన వెంచర్లలో రోడ్లు ఇప్పుడు అన్నీ ఒకేసారి పాడవుతున్నాయి, అసోసియేషన్లు ఫీజు పెంచుతున్నాయి, వాట్సాప్ గ్రూపుల్లో గొడవలు మొదలవుతున్నాయి. నేను మా లేఅవుట్ అసోసియేషన్‌లో లెక్కలు చూస్తాను. మీటింగుల్లోనూ ఫోన్లలోనూ మళ్లీ మళ్లీ వచ్చే ప్రశ్నలకు జవాబులు ఒకచోట రాసి పెడుతున్నాను. నా అభిప్రాయం ముందే చెప్తాను. చాలా వెంచర్లలో ఫీజు పెంచక తప్పదు. కానీ రోడ్డు డబ్బును వేరే ఖాతాలో పెట్టి, లెక్క చూపించని కమిటీకి ఒక్క రూపాయి పెంచే హక్కు కూడా లేదు.

ఇంటి పన్ను కడుతూనే ఉన్నాం కదా, రోడ్లకు మళ్లీ మేమెందుకు కట్టాలి?

ఆ రోడ్లు ఎవరి పేరు మీద ఉన్నాయన్న దాన్ని బట్టి ఉంటుంది. లేఅవుట్‌కు అప్రూవల్ తీసుకున్నప్పుడు రోడ్లనూ పార్కు స్థలాన్నీ గిఫ్ట్ డీడ్ రాసి కార్పొరేషన్‌కో పంచాయతీకో ఉచితంగా అప్పగించాలి. అలా అప్పగించి ఉంటే అవి పబ్లిక్ రోడ్లు, వాటి బాగోగులు చూసే బాధ్యత వాళ్లది, మీరు అర్జీ పెట్టి గట్టిగా అడగొచ్చు. అప్పుడు ఇంకో సంగతి కూడా ఒప్పుకోవాలి. పబ్లిక్ రోడ్డుకు గేటు పెట్టి బయటివాళ్లను ఆపే అధికారం మీకు ఉండదు.

అప్పగించకపోతే, లేదా అసలు అప్రూవలే లేని వెంచర్ అయితే, మీరు కట్టే పన్నులోంచి మీ వీధికి తారు రాదు. గేటు మాకే కావాలి, రోడ్డు మాత్రం ప్రభుత్వం వేయాలి అంటే కుదరదండీ. రెండింట్లో ఏదో ఒకటి ఎంచుకోవాలి.

మా రోడ్లు ఎవరి పేరు మీద ఉన్నాయో ఎలా తెలుసుకోవాలి?

ముందు మీ సేల్ డీడ్ తీసి చూడండి, అప్రూవల్ ఉన్న వెంచర్ అయితే అందులో ఎల్‌పీ నంబరు (లేఅవుట్‌కు ఇచ్చిన అనుమతి నంబరు) ఉంటుంది. ఆ నంబరుతో కర్నూలు అర్బన్ డెవలప్‌మెంట్ అథారిటీ (కుడా) ఆఫీసులో అప్రూవ్డ్ ప్లాన్ కాపీ, గిఫ్ట్ డీడ్ కాపీ అడగండి. నోటితో అడిగితే తిప్పుకుంటారు, సమాచార హక్కు చట్టం కింద కాగితం పెట్టండి, 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. గిఫ్ట్ డీడ్ రిజిస్టర్ అయి ఉంటే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఈసీ (ఆ స్థలం మీద జరిగిన రిజిస్ట్రేషన్ల వివరాల పత్రం) తీసినా కనపడుతుంది. ఈ ఒక్క కాగితం చేతిలో ఉంటే సగం గొడవలు అక్కడికక్కడే తేలిపోతాయి, కానీ దీన్ని తెప్పించుకోకుండానే ఏళ్ల తరబడి పోట్లాడుకుంటున్న లేఅవుట్లు చాలా ఉన్నాయి.

మొన్నటిదాకా నెలకు 300, ఇప్పుడు ఒకేసారి 650 అంటున్నారు. ఇదేం లెక్క?

లెక్క చూపిస్తాను, అంకెలు ఉదాహరణకే. 120 ప్లాట్ల వెంచర్, లోపలి రోడ్లన్నీ కలిపి ఒక కిలోమీటరు, తారు వెడల్పు 20 అడుగులు అనుకోండి. అంటే దాదాపు 6,000 చదరపు మీటర్లు. పైపొర మళ్లీ వేయడానికి చదరపు మీటరుకు 500 పడుతుందనుకుంటే మొత్తం 30 లక్షలు. ఆరేళ్లకోసారి వేయాలంటే ఏడాదికి 5 లక్షలు పక్కన పెట్టాలి, ప్లాటుకు ఏడాదికి 4,167, నెలకు సుమారు 350 రూపాయలు.

మీరు ఇన్నాళ్లూ కట్టిన 300 ఎక్కడికి పోయింది? వాచ్‌మన్ జీతం, వీధి లైట్ల కరెంటు, మోటారు రిపేరు, చెత్త. రోడ్డు కోసం అందులో పైసా మిగల్లేదు. మొదట్లో రోడ్లు కొత్తవి కాబట్టి ఎవరూ అడగలేదు, కమిటీ కూడా తక్కువ ఫీజు పెట్టి మంచివాళ్లు అనిపించుకుంది. ఇప్పుడు 300కి 350 కలిపి 650 అన్నారు. నిజం చెప్పాలంటే అది పెంపు కాదు, మొదటి రోజు నుంచి కట్టాల్సింది ఇన్నాళ్లకు అడుగుతున్నారు.

ఇంకో రెండు విషయాలు చూడండి. ధరలు ఏడాదికి 6 శాతం పెరిగినా ఇప్పటి 30 లక్షల పని ఆరేళ్ల తర్వాత 42 లక్షలు దాటుతుంది. అలాగే 120 మందిలో 40 మంది కట్టడం మానేస్తే మిగతా 80 మంది మీద నెలకు 350 కాస్తా 520 అవుతుంది. ఫీజు పెరగడానికి తారు ధర ఎంత కారణమో, కట్టని పక్కింటివాళ్లు కూడా అంతే కారణం.

రేట్లు నిజంగానే అంత పెరిగాయా, లేక కాంట్రాక్టర్ దోచుకుంటున్నాడా?

తారు అంటే ముడి చమురును శుద్ధి చేయగా అడుగున మిగిలేది, కాబట్టి చమురు ధర కదిలితే దీని ధరా కదులుతుంది. ఆయిల్ కంపెనీలు పక్షం రోజులకోసారి రేటు మారుస్తుంటాయి. 2022లో యుక్రెయిన్ యుద్ధం వచ్చి క్రూడ్ 100 డాలర్లు దాటినప్పుడు పాత కొటేషన్లన్నీ చెత్తబుట్టలోకి పోయాయి. దానికి తోడు టిప్పర్ డీజిలు, కూలీ, కాంట్రాక్టర్ బిల్లు మీద 18 శాతం జీఎస్టీ. సిమెంటు మీద 28 శాతంగా ఉన్న జీఎస్టీని 2025 సెప్టెంబరులో 18కి తగ్గించారు, ఆ తేడా మీ సీసీ (సిమెంటు కాంక్రీటు) పని కొటేషన్‌లో కనపడిందో లేదో తప్పకుండా అడగండి.

దోపిడీయా కాదా తేల్చుకోవడానికి ప్రభుత్వ ఎస్ఎస్ఆర్ (ప్రామాణిక ధరల పట్టిక) రేట్లు ఉన్నాయి. ప్రభుత్వ పనులకు ఇంజనీర్లు ఎస్టిమేట్ వేసేది వాటితోనే. రిటైరైన ఆర్ అండ్ బీ ఏఈనో పంచాయతీరాజ్ ఇంజనీరునో మీ వెంచర్‌లోనే ఒకరు ఉంటారు, ఆయన చేత ఎస్టిమేట్ వేయించి, దాని పక్కన కనీసం మూడు కొటేషన్లు పెట్టి చూడండి.

రోడ్డు వేసి ఐదేళ్లు కూడా కాలేదు. ఇది వెంచర్ వేసినవాళ్ల బాధ్యత కాదా?

అవును, వాళ్లదే. దీన్ని చాలామంది వదిలేసుకుంటున్నారు, నాకు అదే బాధ.

రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం (రెరా, 2016) సెక్షన్ 14(3) ప్రకారం ప్లాటు అప్పగించిన తేదీ నుంచి ఐదేళ్ల లోపు పనితనంలో, నాణ్యతలో, సర్వీసుల్లో లోపం బయటపడి మీరు తెలియజేస్తే, డెవలపర్ అదనపు డబ్బు తీసుకోకుండా 30 రోజుల్లో సరిచేయాలి. అలాగే సెక్షన్ 11 ప్రకారం అసోసియేషన్ చేతికి వచ్చేదాకా మెయింటెనెన్స్ చూసుకోవాల్సింది డెవలపరే, అందుకు సమంజసమైన ఛార్జీ మాత్రమే తీసుకోవాలి. కాబట్టి ఐదేళ్లు నిండకముందే రోడ్లు, కాలువలు, కల్వర్టులు అన్నీ తిరిగి తేదీ కనపడేలా ఫొటోలు తీసి, రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు పంపండి. ఫోన్లో చెప్పాం, ఆయన చేస్తానన్నాడు అంటే దానికి విలువ లేదు. స్పందన లేకపోతే ఏపీ రెరాలో ఫిర్యాదు చేయొచ్చు, జిల్లా వినియోగదారుల కమిషన్‌కూ వెళ్లొచ్చు. అభివృద్ధి చేసి ప్లాట్లు అమ్మడం కూడా వినియోగదారుల చట్టం కింద ‘సేవ’ కిందికే వస్తుందని సుప్రీంకోర్టు 2012లోనే చెప్పింది.

ఐదేళ్లు దాటిపోతే ఈ దారి చాలావరకు మూసుకుపోతుంది, ఖర్చు మన జేబులోంచే. అందుకే తేదీ చూసుకోమంటున్నాను.

పక్క మెయిన్ రోడ్డు బాగానే ఉంది, మా లోపలి రోడ్లే ఎందుకింత తొందరగా పాడవుతున్నాయి?

మొదటి కారణం నేల. మన దగ్గర చాలా వెంచర్లు నల్లరేగడి పొలాల్లో వేసినవి. ఆ మట్టి నీళ్లు తాగితే ఉబ్బుతుంది, ఎండకు బీటలు తీసి కుంచించుకుపోతుంది. ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీలు దాటే మన ఊళ్లో, వానలన్నీ జూన్ నుంచి అక్టోబరు దాకానే పడే మన ఊళ్లో, ఆ నేల ఏటా ఒకసారి లేచి ఒకసారి కూర్చుంటుంది, పైనున్న రోడ్డు కూడా దాంతోపాటే కదులుతుంది. సరిగ్గా వేసేవాళ్లు ఆ మట్టిని అడుగున్నర, రెండడుగులు తవ్వి తీసేసి గ్రావెల్ నింపి, రోలర్ తొక్కించి, ఆ పైన కంకర పరుస్తారు. అమ్మకాల హడావుడిలో వేసిన వెంచర్లలో ఇది జరగదు. పైన నల్లగా నిగనిగలాడే పొర ఒక్కటే కొనేవాళ్లకు కనపడుతుంది కాబట్టి దాని వరకే ఖర్చు పెడతారు.

రెండోది నీళ్లు. తారు రోడ్డుకు నీళ్లను మించిన శత్రువు లేదు. వాన వెలిసిన గంట తర్వాత మీ వీధిలోకి వెళ్లి చూడండి. 20 అడుగుల రోడ్డుకు అంచు కంటే మధ్యభాగం సుమారు మూడంగుళాలు ఎత్తు ఉండాలి, అప్పుడే నీళ్లు రెండు వైపులకూ జారిపోతాయి. చాలా చోట్ల ఉండదు. ఉన్నా, అంచున ఇళ్లవాళ్లు కారు ఎక్కడానికి ర్యాంపులు పోసి సైడు కాలువ పూడ్చేసి ఉంటారు. నీళ్లు ర్యాంపు పక్కన ఆగుతాయి, అంచు మెత్తబడుతుంది, అక్కడ ముందు సన్నటి గీతలు వస్తాయి, అవి ఒకదానితో ఒకటి కలిసి మొసలి చర్మంలా గళ్లు గళ్లుగా తయారవుతాయి. ఆ దశలో వేలితో గీకితే చిన్న పెళ్లలు ఊడి వస్తాయి. అప్పుడే ప్యాచ్ వేస్తే వేలల్లో పోతుంది. ఇంకో వానాకాలం ఆగితే గుంత, ఆ తర్వాత కింది కంకర దాకా తవ్వి వేయాల్సిన పని, అంటే లక్షలు.

అందుకే నేను ప్రతి మీటింగులో చెప్తాను, తారు కంటే ముందు కాలువకు డబ్బు పెట్టండి. ఫీజు పెంచిన కమిటీ ర్యాంపులు తీయించడానికి మాత్రం మొహమాటపడితే ఆ డబ్బు నీళ్లపాలే.

మూడోది మనం తవ్వుకోవడం. కుళాయి కనెక్షన్‌కు ఒకరు, ఇంటర్నెట్ కేబుల్‌కు ఒకరు, డ్రైనేజీకి ఒకరు. తవ్విన చోట మట్టి పోసి వదిలేస్తారు.

ఇళ్లు కట్టేవాళ్ల టిప్పర్ల వల్ల రోడ్లు పోతుంటే అందరం ఎందుకు కట్టాలి?

న్యాయమైన ప్రశ్న. రోడ్డుకు జరిగే నష్టం బండి ఇరుసు మీద పడే బరువుకు సుమారు నాలుగో ఘాతంతో పెరుగుతుందని రోడ్డు ఇంజనీర్లు చెప్తారు, 1950ల చివర్లో అమెరికాలో చేసిన పెద్ద పరీక్షల్లో తేలిన విషయం ఇది. అంటే బరువు రెట్టింపైతే నష్టం 16 రెట్లు. టన్ను బరువు మోసే కారు ఇరుసు పక్కన పది టన్నుల టిప్పర్ ఇరుసు పెడితే తేడా పదివేల రెట్లు. ఇసుక టిప్పర్, రెడీమిక్స్ లారీ, బోరు బండి, ఇవి ఒక్కసారి తిరిగితే మీ కారు ఏళ్ల తరబడి తిరిగినా చేయనంత నష్టం జరుగుతుంది.

కాబట్టి ఇల్లు కట్టేవాళ్ల దగ్గర పని మొదలుపెట్టే ముందే డిపాజిట్ తీసుకోవాలి. పని అయ్యాక వీధి చూసి, పాడు చేసినంత పట్టుకుని మిగతాది తిరిగి ఇచ్చేయాలి. రోడ్డు మీదే కాంక్రీటు కలపడం, ఇనుము వంచడం ఆపించాలి. ఇవన్నీ బైలాస్‌లో (అసోసియేషన్ నియమావళిలో) ఉండాలి, మనిషిని బట్టి మారకూడదు. కమిటీ ప్రెసిడెంటు బావమరిది ఇల్లు కట్టినా డిపాజిట్ కట్టాల్సిందే.

సీసీ రోడ్డు వేసేస్తే ఒక్కసారితో పోతుంది కదా?

సీసీ ఎక్కువ కాలం వస్తుంది, నీళ్లకు తట్టుకుంటుంది, కానీ మొదటి ఖర్చు ఎక్కువ. నల్లరేగడి మీద కింద గ్రావెల్ సరిగ్గా లేకుండా పోస్తే పలక మధ్యలో విరుగుతుంది. విరిగిన సీసీని తారులా ప్యాచ్ చేయలేం, పలకంతా పగలగొట్టి పోయాలి. రేపు పైపులైను వేయాలన్నా పగలగొట్టాలి. అందుకని పైపులూ కేబుళ్లూ అన్నీ కింద వేసుకున్నాకే సీసీ ఆలోచించండి. నా సలహా అయితే, నీళ్లు నిలిచే పల్లపు వీధులకు, గేటు దగ్గరకు సీసీ, మిగతా వాటికి తారు.

నాది ఖాళీ ప్లాటు, నేను బెంగళూరులో ఉంటాను. నేనెందుకు కట్టాలి?

మీరు వాడకపోయినా ఎండా వానా రోడ్డును పాడు చేస్తూనే ఉంటాయి. రేపు ప్లాటు అమ్మేటప్పుడు కొనేవాళ్లు ముందు చూసేది రోడ్డే, ఆ రేటు మీకే వస్తుంది. వాచ్‌మన్, చెత్త లాంటి వాటికి ఖాళీ ప్లాట్లకు తగ్గించడం సబబే. రోడ్డు నిధి మాత్రం ఇల్లున్నా లేకపోయినా అందరికీ ఒకటే ఉండాలని నా అభిప్రాయం. సగం ప్లాట్లు ఖాళీగా ఉండే మన వెంచర్లలో, ఖాళీవాళ్లు కట్టకపోతే ఇళ్లున్నవాళ్ల మీద రెట్టింపు పడుతుంది.

ప్లాటుకింత అని కట్టాలా, సెంట్ల లెక్కనా?

చట్టం ఒకటే పద్ధతి అని చెప్పలేదు, మీ బైలాస్ ఏం చెప్తే అదే. మూడు సెంట్లవాళ్లు, పది సెంట్లవాళ్లు కలిసి ఉన్నచోట విస్తీర్ణం లెక్క న్యాయం. అన్నీ ఐదు సెంట్ల ప్లాట్లే అయితే ఈ చర్చే అనవసరం.

మా ఇల్లు గేటు పక్కనే, లోపలి రోడ్డు నేను వాడను.

మీ ముందు నుంచే అందరి బండ్లూ పోతాయి, అన్నిటికంటే ముందు పాడయ్యేది మీ ఇంటి ముందు రోడ్డే. కట్టండి.

అద్దెకున్నవాళ్లు కట్టాలా, ఓనరా?

అసోసియేషన్‌లో సభ్యుడు ఓనరే, కాబట్టి అడిగేది ఆయన్నే. అద్దె అగ్రిమెంటులో మీరిద్దరూ ఎలా రాసుకున్నారన్నది మీ ఇష్టం. నెలవారీ ఖర్చులు అద్దెకున్నవాళ్లు, రోడ్డు నిధి ఓనరు కట్టడం బాగుంటుంది, ఆస్తి ఆయనది కదా.

కమిటీ తన ఇష్టమొచ్చినట్టు పెంచేయొచ్చా?

పెంచకూడదు. మన దగ్గర చాలా అసోసియేషన్లు ఏపీ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం 2001 కింద రిజిస్టరైనవి, కొన్ని మ్యాక్స్ (పరస్పర సహాయ సహకార సంఘాల) చట్టం 1995 కింద ఉన్నాయి. ఏదైనా సరే, ఫీజు మార్చే అధికారం ఎవరిదో బైలాస్‌లో చూడండి, చాలావాటిలో జనరల్ బాడీది, అంటే సభ్యులందరి సమావేశానిది. రాతపూర్వకంగా ముందస్తు నోటీసు, అజెండాలో ఆ విషయం, కోరం (కావాల్సిన కనీస హాజరు), మినిట్స్‌లో తీర్మానం, ఇవి లేకుండా రాత్రి పదకొండు గంటలకు వాట్సాప్‌లో ‘వచ్చే నెల నుంచి 650’ అని పెడితే అది ఫీజు పెంపు కాదు. అలాగని మీటింగుకు పిలిస్తే రాకుండా, తీర్మానం అయ్యాక గ్రూపులో అరవడం కూడా సరి కాదు. వచ్చి చెయ్యెత్తండి.

అసలు అసోసియేషనే రిజిస్టర్ కాకపోతే ముందు ఆ పని చేయించండి. రిజిస్టర్ కాకుండా ఎవరో ఒకరి సొంత ఖాతాలో డబ్బు వేయించుకోవడం ఎప్పటికైనా తగాదాకే దారి తీస్తుంది.

లెక్కలు అడిగితే ‘మామీద నమ్మకం లేదా’ అంటున్నారు.

నమ్మకానికీ లెక్కకూ సంబంధం లేదని మర్యాదగానే చెప్పండి. సభ్యుడిగా మీరు అడగాల్సినవి ఇవి: బ్యాంకు స్టేట్‌మెంట్, ఆడిట్ రిపోర్టు, ఎవరెవరు ఎంత బాకీ ఉన్నారు, రోడ్డు నిధి ఎంత, అది ఏ డిపాజిట్‌లో ఉంది. చెక్కు మీద కనీసం ఇద్దరి సంతకాలు ఉండాలి. కాంట్రాక్టర్‌కు నగదు ఇవ్వకూడదు, పెద్ద బిల్లుల మీద టీడీఎస్ (ముందే మినహాయించే ఆదాయపు పన్ను) పట్టాలి, వ్యక్తి అయితే 1 శాతం, కంపెనీ లాంటివైతే 2 శాతం. ముందు రాతపూర్వకంగా అడగండి, తర్వాత జిల్లా రిజిస్ట్రార్‌కు ఫిర్యాదు, అదీ కాకపోతే సొసైటీ చట్టం కింద జిల్లా కోర్టులో వేసుకునే వీలుంది. ఇదంతా చదివి కమిటీవాళ్లు కోపం తెచ్చుకోవద్దు. నేనూ ఆ కుర్చీలోనే కూర్చున్నాను. నెలనెలా లెక్క నోటీసు బోర్డులో పెడితే అడిగేవాళ్లే తగ్గిపోతారు, కట్టేవాళ్లు పెరుగుతారు.

కోపంతో నేను కట్టడం ఆపేస్తే?

బాకీ పేరుకుంటుంది, బైలాస్‌లో ఉంటే వడ్డీ పడుతుంది, ఓటు హక్కు పోవచ్చు. అభ్యంతరం రాసిచ్చి, దానికి రసీదు తీసుకుని, ఫీజు కడుతూనే పోట్లాడండి. మీ మాటకు బలం ఉంటుంది.

కట్టనివాళ్లకు నీళ్లు ఆపేయొచ్చా? గేటు దగ్గర బండి ఆపొచ్చా?

వద్దు. తాగే నీళ్లు, కరెంటు, ఇంటికి వెళ్లే దారి, వీటి జోలికి పోతే కోర్టులో తల దించుకోవాల్సింది అసోసియేషనే. బకాయి నోటీసు ఇవ్వండి, తర్వాత లాయరు నోటీసు, తర్వాత జిల్లా న్యాయసేవాధికార సంస్థ ద్వారా లోక్ అదాలత్‌కు పెట్టండి, అక్కడ ఫీజు ఉండదు, రాజీ కుదిరితే ఆ అవార్డే అంతిమం. దానికీ రాకపోతే సివిల్ దావా. బాకీ వసూలుకు గడువు మూడేళ్లే, ‘తర్వాత చూద్దాంలే’ అని ఐదారేళ్లు ఊరుకుంటే పాత బాకీ పోయినట్టే.

ఈ ఫీజు మీద జీఎస్టీ ఉందా?

సభ్యుడికి నెలకు 7,500 లోపు అయితే లేదు. మన వైపు ప్లాట్ల లేఅవుట్లలో అంత ఫీజు ఉండదు, ఎవరైనా ‘జీఎస్టీ కలిపి’ అని అడిగితే రిజిస్ట్రేషన్ నంబరు చూపించమనండి.

పని సరిగ్గా జరుగుతోందో లేదో మాకెలా తెలుస్తుంది?

పని జరిగే రోజు ఇద్దరు ముగ్గురు అక్కడే నిలబడండి. కొటేషన్‌లో ‘రోడ్డు వేయుట, ఇంత’ అని ఉంటే ఒప్పుకోవద్దు, ఎన్ని చదరపు మీటర్లు, ఎన్ని మిల్లీమీటర్ల మందం అని రాయించుకోండి. తారు వేసే ముందు పాత రోడ్డు మీద దుమ్ము పూర్తిగా ఊడ్చి, పల్చటి తారు చల్లారా లేదా చూడండి. దుమ్ము మీద వేసిన పొర చాపలా లేచి వస్తుంది. మిక్స్ పొగలు కక్కుతూ రావాలి, 100 డిగ్రీలకు దిగకముందే రోలింగ్ అయిపోవాలి. ప్లాంటు దూరమై, లారీ దారిలో ఆలస్యమై, చల్లారిన మాల్ వస్తే వెనక్కి పంపే ధైర్యం ఉండాలి. వేసిన పొర అంచు దగ్గర స్కేలు పెట్టి మందం కొలవండి, ఒక్క చోట కాదు, పది చోట్ల. వాన పడే రోజు తారు పని అసలు వద్దు.

సీసీ అయితే రెండు విషయాలు. మర్నాడే జాయింట్లు కోయించాలి, కనీసం 14 రోజులు గోనెపట్టాలు కప్పి నీళ్లు తడపాలి. మన ఎండకు రెండు రోజులు తడపడం మానేస్తే చాలు, పైన పొడి రాలడం మొదలవుతుంది. బిల్లులో కొంత భాగం ఒక వానాకాలం గడిచేదాకా ఆపి ఉంచండి, ఒప్పందంలో ముందే రాసుకుంటే కాంట్రాక్టర్ కాదనలేడు.

ప్లాటు కొనబోతున్నాను, ఫీజు విషయంలో ముందే ఏం చూసుకోవాలి?

రెరా రిజిస్ట్రేషన్ ఉందా, కుడా అప్రూవల్ ఉందా, రోడ్లు గిఫ్ట్ డీడ్ అయ్యాయా. పాత వెంచర్ అయితే అమ్మేవాళ్ల పేరు మీద బాకీ లేదని అసోసియేషన్ నుంచి కాగితం తెచ్చుకోండి. నెలకు ఫీజు ఎంత అని మాత్రమే అడిగి ఆగకండి, రోడ్డు నిధి ఎంత ఉంది, చివరిసారి తారు ఎప్పుడు వేశారు అని అడగండి. ఫీజు 200, నిధి సున్నా, రోడ్డు వయసు తొమ్మిదేళ్లు అన్నారంటే, మీరు చేరిన ఏడాదో రెండేళ్లకో పెద్ద మొత్తం అడుగుతారని లెక్కేసుకుని ప్లాటు ధరలో ఆ మేరకు తగ్గించమని బేరం పెట్టండి. వీలైతే ప్లాటు చూడటానికి సెప్టెంబరులో, గట్టి వాన పడిన మర్నాడు వెళ్లండి.